ఇరవయ్యొక్క పళ్ల మచ్చ

మత్స్య పరిశోధనశాల,
సీసాల గది నుంచి

అత్తకి మేనకోడలు నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ, నా ఆరువందల సీసాలూ బాగున్నాం. నువ్వూ, మామయ్యా, మీ చేపల బల్లా బాగున్నారని తలుస్తాను.

అసలు సంగతికొస్తాను. వచ్చే నెల మా ఓడ సముద్రం మీదికి వెళుతోంది. రెండు నెలల ప్రయాణం. లాంప్రే అనే ప్రాణి సముద్రంలో ఉన్నన్నాళ్లూ ఏం తింటుంది, ఎలా బతుకుతుంది అని చూడటానికి. ఓడలో మా పెద్దసారుకి ఒక చోటు, ఆయనకి సాయంగా ఇంకొకరికి ఒక చోటు. ఆ ఒక్క చోటు కోసం ముగ్గురం కాచుకుని ఉన్నాం. నాలుగేళ్లుగా నేను సీసాలు కడిగి, వాటిలో ఉన్న చచ్చిన లాంప్రేలకి పేర్లు రాసి అంటిస్తున్నాను. ఒక్కసారి బతికున్నదాన్ని చూడాలని ఉందత్తా. ఈసారి కూడా కుదరకపోతే సీసాల మధ్యే కూర్చుని ఏడుస్తాను.

పెద్దసారు పరీక్ష పెట్టారు. లాంప్రే పట్టిన చేప మీద గుండ్రటి మచ్చ పడుతుంది. బజారుకొచ్చే సముద్రపు చేపల మీద ఆ మచ్చలు ఎవరు బాగా సేకరిస్తే వాళ్లే ఓడ ఎక్కుతారు. మిగతా ఇద్దరికీ చేపలమ్మే అత్త లేదు. నాకు ఉంది.

ఫారాలు పంపుతున్నాను. ఏ చేప, మచ్చ ఎక్కడుంది, వెడల్పెంత, పళ్ల గుర్తులెన్ని అని రాసి, ఆ చర్మం ముక్క మంచులో పెట్టి పంపితే చాలు.

నీ మేనకోడలు

తా.క. కొలవడానికి స్కేలు కూడా పెట్టాను. మామయ్యకి వీపు గోక్కోవడానికి ఇవ్వకు.

---

చేపల బజారు,
ఎడమ వరస, మూడో బల్ల

చిరంజీవి కళ్లజోడుకి అత్త ఆశీర్వదించి రాయునది.

నేనూ, నా కత్తీ, నా మోకాళ్ల నొప్పీ క్షేమం. నీ ఉత్తరం మంచుపెట్టె మీద పెట్టుకుని రెండుసార్లు చదివాను. తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లుగా ఈ బల్ల దగ్గర నిలబడుతున్నాను. నా బల్ల మీద మచ్చలున్న చేపలున్నాయని నీకెవరు చెప్పారు? ఎదురుబల్ల ఆవిడేనా? నా బల్లకి కిటికీ వెలుతురు వస్తుందని ఆవిడకి ఎప్పటినుంచో కడుపుమంట.

ఫారాలు వచ్చాయంటే తనిఖీ మొదలైందనేగా అర్థం. పై వాళ్లకి తెలియకుండా నాకు ముందే ఒక మాట చెవిన వేశావు, అది నీ మంచితనం. నేను వెంటనే వరసంతా తిరిగి, మచ్చ ఉన్న చేప ఎవరి దగ్గరున్నా తీసి దాచేయండి, మా పిల్ల ఓడ ఎక్కాలి అని చెప్పి వచ్చాను. అందరూ మాటిచ్చారు. ఎదురుబల్ల ఆవిడ కూడా ఇచ్చింది, మొహం అటు తిప్పుకుని.

నీ ఫారాలు పన్నెండూ నింపి పంపుతున్నాను. అన్నిటిలోనూ "మచ్చ లేదు" అని రాశాను. మీ పెద్దసారు కళ్లకద్దుకుంటాడు.

ఇట్లు,
మచ్చలేని మీ అత్త

తా.క. నువ్వు కాబట్టి చెబుతున్నాను. గుండ్రటి మచ్చలు రోజూ వస్తాయి. జనం రాకముందే కోసేసి పిల్లికి వేస్తాను. ఆ పిల్లి ఇప్పుడు నడవదు, దొర్లుతుంది.

మళ్లీ తా.క. స్కేలు మామయ్య దగ్గరుంది.

---

సీసాల గది నుంచి

అత్తకి నమస్కారాలు.

నీ ఫారాలు చూసి పెద్దసారు కళ్లకద్దుకోలేదు. "అక్కడి సముద్రాన్ని ఎవరైనా సబ్బుపెట్టి కడిగారా?" అని అడిగారు. మిగతా ఇద్దరూ నవ్వారు.

ఇది తనిఖీ కాదత్తా. మచ్చ ఉండటం తప్పు కాదు, నాకు కావలసిందే అది. లాంప్రే అంటే ఏమిటో చెబుతాను విను. పాములా సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఎముకలు లేవు, దవడలు లేవు. మొహమంతా గుండ్రటి నోరే, దాన్నిండా చుట్లు చుట్లుగా పళ్లు. చిన్నప్పుడు చూపు కూడా లేకుండా ఏటి బురదలో ఏళ్ల తరబడి పడుకుని, నీళ్లలో కొట్టుకొచ్చే నలుసులు తింటుంది. తర్వాత కళ్లొస్తాయి, పళ్లొస్తాయి, సముద్రానికి బయలుదేరుతుంది. అక్కడ ఏదో ఒక చేపని చూసుకుని నోటితో అతుక్కుపోతుంది. నాలుక మీద కూడా పళ్లే. దాంతో చర్మం గీరి రక్తం తాగుతుంది. ఆ రక్తం గడ్డకట్టకుండా దాని నోట్లో ఒక రసం ఊరుతుంది. నోటికి అంత పనుంటే ఊపిరెలా అంటావేమో. తల వెనక అటు ఏడు, ఇటు ఏడు కన్నాలుంటాయి. నీళ్లు వాటిలోంచే లోపలికి వెళ్లి వాటిలోంచే బయటికొస్తాయి.

ఆ చేప ఎటు ఈదితే తనూ అటే. అది చాలనుకున్నాక ఇంకో చేప. ఇలా ఏడాదో రెండేళ్లో తిని, పెన్సిలంత వెళ్లింది చెయ్యంత అవుతుంది. అప్పుడు ఏటికి తిరిగొచ్చి, తిండి మానేసి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. సముద్రంలో ఆ ఏడాదీ రెండేళ్లూ అది ఎక్కడ తిరిగిందో చూసినవాళ్లు చాలా తక్కువ. చేపల మీద మచ్చలే మాకు మిగిలే ఆనవాళ్లు.

కాబట్టి కోయకు, దాచకు, పిల్లికి వేయకు. చేప మాంసానికి ఏమీ కాదు. జనానికి అలాగే చెప్పి అమ్ము.

నీ మేనకోడలు

తా.క. ఈ ఉత్తరం మామయ్యకి చదివి వినిపించకు. అన్నం తినడు.

---

మూడో బల్ల నుంచి

చిరంజీవి కళ్లజోడుకి దీవెనలు.

ఈ మాట మొదటే చెబితే నా ఫారాలు పాడయ్యేవి కావుగా. సరే, అర్థమైంది. మర్నాడే బల్ల మీద పలక పెట్టాను: "సముద్రం ముద్ర వేసిన చేప." జనం ఆగి చూశారు. "అంత పెద్ద సముద్రంలో అన్ని చేపలుంటే ఆ ప్రాణి దీన్నే ఎందుకు పట్టుకుంది? కండపట్టి ఉంది కాబట్టి. దానికి రుచి చూడ్డానికి నాలుక మీద కూడా పళ్లున్నాయి, మీకున్నాయా?" అన్నాను. ఎవరికీ లేవు. మధ్యాహ్నానికి మచ్చలున్నవన్నీ అయిపోయాయి.

ఇప్పుడు మచ్చ లేని చేప పెడితే అటు తిప్పి ఇటు తిప్పి, "దీన్నెవరూ ముట్టుకోలేదేం?" అని అనుమానంగా అడుగుతున్నారు. ముక్క నీకు కోసి పంపాలంటే కొన్నవాళ్లని బతిమాలుకోవాల్సి వస్తోంది. అయినా ముప్పై ఒకటి పంపుతున్నాను. ఇంకా పంపుతాను. ఎదురుబల్ల ఆవిడకి నాకన్నా ఎక్కువ మచ్చలొస్తున్నాయి. ఎలా వస్తున్నాయో కనుక్కుంటాను.

మీ అత్త

తా.క. ఉత్తరం మామయ్యకి వినిపించాను. అన్నం తిన్నాడు, మారు కూడా వడ్డించుకున్నాడు. తర్వాత, "ఒకరిని పట్టుకుని అతుక్కుపోయి, వాళ్లు ఎటు తీసుకెళితే అటు వెళ్లడమంటే పెళ్లే కదా," అన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. ముప్పై ఏళ్లకి ఒక మాటన్నాడు.

---

సీసాల గది నుంచి

అత్తకి నమస్కారాలు.

నీ పార్సెళ్లు తొమ్మిది అందాయి. మచ్చలు రెండువందల పద్నాలుగు. మిగతా ఇద్దరివీ కలిపినా పదిహేడే.

సంతోషం ఇంతవరకే. మొదటి ముప్పై ఒకటి పక్కన పెడితే, మిగతావి దాదాపు అన్నీ ఒకటే కొలత. ముప్పై రెండు మిల్లీమీటర్లు. ఒక్కొక్కదానికీ ఇరవయ్యొక్క పళ్లు, ఒకే చుట్టు. నాలుక గీరిన జాడే లేదు. నేను భూతద్దం పెట్టి చూస్తుంటే పెద్దసారు వెనక నుంచి చూశారు. ఆయనకి నోట మాట రాలేదు. కాసేపటికి వచ్చింది, ఇంకా ఆగలేదు. ఇది ఎవరూ చూడని కొత్త జాతి అంటున్నారు. ఇంత క్రమశిక్షణ గల జాతిని తన జీవితంలో చూడలేదట. గురువారం పెద్దసభలో ప్రకటిస్తారు. దానికి తన పేరే పెడతారు. నాకు ఓడలో చోటు ఖాయమన్నారు.

ఆ మాట వింటే ఎగిరి గంతెయ్యాలి. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. నిన్నటి పార్సెల్లో ఒక మచ్చ చెరువు చేప మీద ఉంది. లాంప్రే సముద్రం నుంచి చెరువుకి ఏ బస్సెక్కి వచ్చిందో నాకు తెలియడం లేదు. నా మీద ఒట్టత్తా, నిజం చెప్పు.

నీ మేనకోడలు

తా.క. పెద్దసారు ఒక ముక్క వాసన చూసి, "నిమ్మకాయ వాసన వస్తోంది, ఇది ఆ జాతి నోట్లో ఊరే ప్రత్యేకమైన రసం" అని పుస్తకంలో రాసుకున్నారు.

---

మూడో బల్ల నుంచి

కళ్లజోడూ,

నీ ఒట్టు చదివాక అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. అది సోడా సీసా మూత.

నేను మొదలుపెట్టలేదు. ఎదురుబల్ల ఆవిడ మొదలుపెట్టింది. మచ్చ లేని చేప ఎవరూ కొనకపోతే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? నిమ్మసోడా తాగుతూ, మూత చేతిలో పట్టుకుని ఆలోచించింది. సాయంత్రానికి వరసంతా మూతలే. నేను రెండు రోజులు ఆగాను. తర్వాత నేనూ నొక్కాను. నా బల్ల కోసం కొంత, నీ ఓడ కోసం చాలా. అసలు మచ్చలు రోజుకి నాలుగైదుకి మించి రావు. నీకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. నీ మెడకి చుట్టుకుంటుందని తోచలేదు. సిగ్గుగా ఉందే.

అసలు మచ్చ అలా ఉండదని నన్నడిగితే చెప్పేదాన్ని. ఎండలు మొదలయ్యే రోజుల్లో అది చిటికెనవేలి గోరంతే. ఒడ్డుకి దగ్గరగా వేసిన వలల్లో, చిన్న చేపల మీద. నెలలు గడిచేకొద్దీ పెరుగుతుంది. చలి ముదిరేసరికి కోటు గుండీ అంత. అప్పుడది దూరం వెళ్లొచ్చిన పడవల్లోనే, ఇద్దరు మోస్తే గానీ లేవని చేపల మీద. ఎక్కువగా రెక్క వెనకో, పొట్ట పక్కనో, మెత్తగా ఉన్నచోటే. మానిన మచ్చ పక్కన పచ్చిది ఉందంటే ఆ చేప ఒకసారి బతికి బయటపడి, రెండోసారి దొరికిందని. మచ్చ చూసి పడవ ఎంత దూరం వెళ్లొచ్చిందో చెబితే పడవవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. ముప్పై ఏళ్లుగా కోసి పారేస్తున్నదాన్ని, ఆ మాత్రం తెలియదా. ఎవరికి పనికొస్తుందిలే అని ఎప్పుడూ చెప్పలేదు.

ఈ ఉత్తరం మీ సారుకి చూపించు. తప్పు నాదని చెప్పు.

మీ అత్త

తా.క. ఈ ఉదయం దూరపు పడవలోంచి పెట్టెలు దించుతుంటే, చేపని వదిలేసిన లాంప్రే ఒకటి మామయ్య రబ్బరు బూటుకి అతుక్కుంది. ఎంత లాగినా రాలేదు. ఉప్పునీళ్ల బకెట్లో బూటుతో సహా మంచు లారీలో పంపుతున్నాను. బూటు వెనక్కి పంపు, ఆయన ఒంటికాలితో పని చేస్తున్నాడు.

---

సీసాల గది నుంచి

అత్తకి,

నీ ఉత్తరం ముందు చించేద్దామనుకున్నాను. గురువారం సభ దాటితే ఓడ కదులుతుంది, అందులో నేనుంటాను. గంటసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్లు ఎదురుచూసి, సోడా మూత మీద కూర్చుని సముద్రానికి వెళ్లడం నావల్ల కాలేదు. తీసుకెళ్లి పెద్దసారు బల్ల మీద పెట్టేశాను.

ఆయన చదివారు. క్యాంటీన్ నుంచి ఒక మూత తెప్పించి తన ముంజేతి మీద గట్టిగా నొక్కుకున్నారు. లెక్కపెట్టారు. ఇరవయ్యొకటి. తర్వాత నువ్వు రాసిన రెండో సగం మళ్లీ చదివారు, ఇంకోసారి చదివారు. లేచి అద్దాల తొట్టి దగ్గరికి వెళ్లారు. నువ్వు బకెట్లో పంపిన లాంప్రేని అందులోనే వేశాం, అది బూటుని వదిలి అద్దానికి అతుక్కుంది. నేను ఇవతల నుంచి నేరుగా దాని నోట్లోకి చూశానత్తా. అటూ ఇటూ కన్నాలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. నాలుగేళ్లలో మొదటిసారి బతికున్నది. అంత దిగులులోనూ నాకు నవ్వొచ్చింది.

పెద్దసారు, "ఆవిడ బల్ల ఎక్కడ?" అని ఒక్క మాట అడిగి, కోటు వేసుకుని వెళ్లిపోయారు. సభ రద్దయింది. నా చోటు కూడా పోయినట్టే. నీ మీద కోపం లేదు. బెంగపెట్టుకోకు.

నీ మేనకోడలు

తా.క. బూటు ఆరబెట్టాను. ఆయన చేతి మీద మచ్చ మాత్రం ఇంకా పోలేదు.

---

మూడో బల్ల నుంచి

చిరంజీవి కళ్లజోడుకి అత్త గట్టిగా ముద్దుపెట్టి రాయునది.

మీ పెద్దసారు వచ్చాడు. తిట్టడానికే అనుకుని మంచుగది వైపు రెండడుగులు వేశాను కూడా. ఆయన వరసలో ఉన్న చేపలన్నీ తెప్పించి ఒక్కొక్కటే అడిగాడు. ఇది మూత, ఇది మూత, ఇది అసలుది, ఇది పోయిన నెలది మానుతోంది అని చెప్పుకుంటూ పోయాను. బజారు కట్టేసి నేల కడుగుతున్నా ఆయన కదలలేదు. కలంలో సిరా అయిపోతే మామయ్య దగ్గర పెన్సిల్ తీసుకున్నాడు.

చివరికి, "దాచుకోగలిగిన తప్పుని తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆ అమ్మాయిని తప్ప ఇంకెవర్ని తీసుకెళతాను?" అన్నాడు. చోటు నీదే. రేపు తనే చెబుతానన్నాడు, నాకు ఆగలేదు.

ఇంకో సంగతి. ఓడ ఎక్కితే ఆయనకి కడుపులో తిప్పుతుందట. పదిహేనేళ్లుగా ప్రతి ప్రయాణంలోనూ బకెట్ పట్టుకుని గదిలోనే పడుకుని, దిగాక మీకు సముద్రం గురించి పాఠాలు చెబుతున్నాడట. వలలో పడ్డ చేపని చూడగానే మచ్చ వయసు చెప్పగల మనిషి దొరికితే తన చోటు ఇచ్చేస్తానని, నా వైపు చూశాడు.

ముప్పై ఏళ్లుగా సముద్రంలోంచి వచ్చినదంతా నా చేతుల మీదుగా పోయింది. నేను మాత్రం రేవు గట్టు దాటి ఒక్క అడుగు వేయలేదు. వేయాలని ఉందని ఎవరికీ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకోలేదు. వెంటనే సరే అన్నాను. తర్వాత మంచుగదిలోకి వెళ్లి ఏడ్చాను. నవ్వకు. మామయ్య వచ్చి, "వెళ్లిరా, బల్ల నేను చూసుకుంటా," అన్నాడు.

సోమవారం ఉదయం రేవు దగ్గర కలుద్దాం.

నీ తోటి ప్రయాణికురాలు,
అత్త

తా.క. ఓడలో మనిద్దరికీ ఒకటే గదట. ఇక నీకు ఉత్తరాలు చదివే శ్రమ లేదు. చెప్పాల్సిందంతా నోటితోనే చెబుతాను, రెండు నెలలు.