జాకెట్లు చెప్పిన నెల

డిసెంబర్ 6

ఒప్పుకున్నాడు! మా మహారాజు ఒప్పుకున్నాడు! కొండలెక్కడానికి, అదీ నాతో, అదీ షాపుకి తాళం వేసి!

(ఎదురుగా ‘మీరు’ అనే అంటాను. డైరీలో కూడా అన్ని మర్యాదలంటే నా వల్ల కాదు.)

పెళ్ళయిన దగ్గర్నుంచి అడుగుతున్నాను. మొదట్లో డ్రైక్లీనింగ్ మిషన్ కొత్తదన్నాడు, దాని సంగతి మనకింకా తెలియదన్నాడు. తర్వాత అది పాతదైపోయింది, వదిలి వెళ్తే మొరాయిస్తుందన్నాడు. ఆయన దృష్టిలో సెలవంటే ఆదివారం మధ్యాహ్నం స్టీమ్ ప్రెస్ విప్పి, తుడిచి, మళ్ళీ బిగించుకోవడం. ఇవాళ భోజనాల దగ్గర నా పోరు పడలేక సరే అనేశాడు. వెంటనే షరతు కూడా పెట్టాడు. ఒక్కసారే వెళ్దాం, బాగోలేదనుకో, ఇంక జన్మలో సెలవు మాట ఎత్తకూడదు అన్నాడు. బాగుంటే మాత్రం ఏడాదికోసారి ఎక్కడికంటే అక్కడికి వస్తాడట. నేనూ సరేనన్నాను. అనేశాక గానీ అందులో మెలిక తెలియలేదు.

సీజన్ తప్పిందంటే నా సెలవులన్నీ గోవిందా.

డిసెంబర్ 8

ఆడపడుచుకి ఫోన్ చేసి చెప్పాను. నోరు మూసుకుని ఉండాల్సింది. తను బ్యాంకులో మేనేజరు, బ్యాంకు బయట కూడా మేనేజరే. అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో చూసేసి, వదినా, అక్టోబర్ తప్ప ఇంకో నెల పెట్టుకోకు, అందరూ అదే రాస్తున్నారు అంది. అన్నయ్య తడిస్తే వారం రోజులు మొహం మాడ్చుకుంటాడు జాగ్రత్త అని కూడా అంది. మా ఆయన సంగతి నాకు చెప్తుందా! ఆ రాసేవాళ్ళంతా రూములు అమ్ముకునేవాళ్ళు. అక్టోబర్ అయితే అస్సలు వెళ్ళను.

డిసెంబర్ 15

ఎవరినీ అడగక్కర్లేదు. సమాధానం నా ముందుకే వచ్చి పడింది.

షాపులో ప్రెస్ పని ఆయనది. కౌంటరూ, మరకలూ నావి. వెనక గదిలో మరకలు తీసే బల్ల ముందు కూర్చున్నానంటే, కోటు చూసి ఆ మనిషి ఏం తిన్నాడో, ఎక్కడ ఒరిగి కూర్చున్నాడో చెప్పేస్తాను. ఈ ఊరి నుంచి కొండలకి వెళ్ళొచ్చిన ప్రతి చలి జాకెట్టూ నా బల్ల మీదకి రావాల్సిందే. అలాంటప్పుడు ఏ నెల మంచిదో వెబ్‌సైట్లు చెప్పడమేంటి?

ఇవాళ ఒకటి వచ్చింది. మోచేతుల దాకా బురద, లోపల కాలర్ దగ్గర జలగ కుట్టిన రక్తపు చుక్కలు, బూజు వాసన. డిసెంబర్ కొట్టేశాను. ఇంత చలిలో జలగలేంటి అని ఒక్క క్షణం అనుమానం వచ్చిన మాట నిజం. కొండ జలగలు మొండివి కాబోలు.

జనవరి 22

ఒక్క జాకెట్టూ రాలేదు, అంటే జనవరిలో కొండలకి ఎవరూ వెళ్ళరన్నమాట.

మార్చి 11

వరసగా పొగ వాసన జాకెట్లు. చేతుల మీద నిప్పురవ్వలు పడి చిల్లులు. మార్చిలో అక్కడ అంత చలా? మంట చుట్టూ ముడుచుకుని కూర్చోవడానికి అంత దూరం ఎందుకు, మా ప్రెస్ పక్కన కూర్చుంటే చాలదూ. మార్చి కూడా కొట్టేశాను.

ఇంకో సంగతి. మహారాజు ట్రెక్కింగ్ బూట్లు కొనుక్కున్నాడు. నాతో చెప్పలేదు. కాళ్ళకి అలవాటు కావాలని వాటితోనే ప్రెస్ దగ్గర నిలబడుతున్నాడు. అడిగితే పాత చెప్పులు తెగాయన్నాడు. ఆ చెప్పులు తలుపు వెనక నిక్షేపంలా ఉన్నాయి. భలే ముద్దొచ్చాడు.

జూన్ 2, ఉదయం 11

యురేకా!

లేత నీలం జాకెట్టు. భుజాల మీద పసుప్పచ్చ పుప్పొడి. జేబులో ఎండిన చిన్న చిన్న పూరేకులు. కాలర్‌కి సన్‌స్క్రీన్ జిడ్డు. బురద లేదు, పొగ లేదు, జలగ లేదు. అంచులకి అంటిన దుమ్ము చేత్తో దులిపితే రాలిపోయింది. నిన్న వచ్చిన ఎర్ర జాకెట్టూ అచ్చం ఇలాగే ఉంది. మొన్నటి ఆకుపచ్చదీ అంతే.

ఎండ, పూలు, పొడినేల. జూన్. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

ఆయన్ని వెనక గదిలోకి పిలిచి జాకెట్టు చూపించాను. వాసన చూశాడు. పుప్పొడి వేలికి రాసుకుని చూశాడు. నువ్వు మరక విషయంలో ఎప్పుడూ తప్పు చెప్పలేదు కదా, నువ్వెప్పుడంటే అప్పుడే అన్నాడు. ఈ మాట కోసం ఎన్నేళ్ళు ఎదురు చూశానో!

జూన్ 9

లాడ్జికి ఫోన్ చేశాను. ఎత్తినావిడ ఈ నెలాఖరుకా అని రెండుసార్లు అడిగింది. అవునంటే, ఏ రూము కావాలంటే అది తీసుకోండమ్మా, అన్నీ ఖాళీనే అంది. లోయవైపు రూము కూడా ఇస్తానంది. నా అదృష్టానికి నా దిష్టే తగిలేలా ఉంది.

జూన్ 25

ఆడపడుచు మళ్ళీ ఫోన్. వదినా, ఒక్కసారి ఫోర్‌కాస్ట్ చూడు అంది. మా కిటికీలోంచి ఎండ మండిపోతుంటే ఇంక ఫోర్‌కాస్ట్ ఎందుకు! పోనీ రెయిన్‌కోట్లయినా పెట్టుకోండి అని బతిమాలింది. పెట్టాను. బ్యాగ్ బరువైందని తీసేశాను.

జూన్ 27, లాడ్జి

వాన.

జూన్ 28, మధ్యాహ్నం

వాన అంటే మామూలు వాన కాదు. పైనుంచే కాదు, పక్కల నుంచీ పడుతోంది.

ఉదయం ఒక్క గంట తెరిపిచ్చింది కదాని బయల్దేరాం. దారి పొడవునా బురద. చెట్లున్నాయో లేవో తెలియనంత మబ్బు. లోయ అని బోర్డు ఉన్న చోట నిలబడి తెల్లటి గోడని చూసి వచ్చాం. ఒకచోట ఆయన కాలు దిగబడితే కాలొచ్చింది, బూటు రాలేదు. అన్నాళ్ళు ప్రెస్ దగ్గర తొడుక్కుని అలవాటు చేసుకున్న బూటు! ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని లాగాం. నా మెడ మీద జలగ. ఆయన దాన్ని తీసి పారేశాడు. బూటు తొడుక్కుని ముందు నడిచాడు. తిట్టినా బాగుండేది.

తలుపేసుకుని బాత్రూంలో ఏడ్చాను. వాన కోసం కాదు. ఒక్కసారే అన్నాడు, ఆ ఒక్కసారీ నా చేతులారా నాశనం చేసుకున్నాను.

జూన్ 28, సాయంత్రం

ఇది రాయకపోతే నిద్ర పట్టదు.

లాడ్జి ఆవిడ వేడినీళ్ళిచ్చి, ఉన్నదున్నట్టు అడిగేసింది. ఈ వానల రోజుల్లో ఇక్కడికి మేకలు కూడా రావు, మీకు ఎవరు చెప్పారమ్మా అని. జాకెట్లు చెప్పాయన్నాను. మొత్తం వివరించాను, పుప్పొడితో సహా. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆగలేక కూలబడిపోయి నవ్వింది. పూలు ఏప్రిల్‌లో కదమ్మా, వాళ్ళు ఏప్రిల్‌లో వచ్చి వెళ్ళుంటారు, జాకెట్టు మీకు జూన్‌లో ఇచ్చుంటారు, ఎవరైనా ఇంటికెళ్ళిన రోజే ఉతుక్కుంటారా అంది.

ఉతుక్కోరా?

మా ఇంట్లో ఉతుక్కుంటాం! కోటు విప్పితే తిన్నగా మిషన్‌లోకే వెళ్తుంది. మురికి బట్ట ఇంట్లో ఒక రాత్రి నిద్రపోవడం మేమెరగం. జనం దాన్ని అలాగే బీరువాలో కుక్కి, తలుపు పట్టనప్పుడో, మళ్ళీ అవసరం పడ్డప్పుడో మా దగ్గరకి తెస్తారని నాకెలా తోస్తుంది? డిసెంబర్ బురద డిసెంబర్‌ది కాదు. మార్చి పొగ మార్చిది కాదు. మరకలన్నీ నిజమే చెప్పాయి, నేనే నెల తప్పు చదివాను.

పొయ్యి దగ్గర సాక్సులు ఆరబెడుతున్న మహారాజు అంతా వింటూనే ఉన్నాడు. అటు తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. బాబోయ్, ఏడుస్తున్నాడా అని దగ్గరకి వెళ్ళాను. నవ్వుతున్నాడు! కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు. జలగలు మొండివా, అని అడిగి మళ్ళీ నవ్వాడు. ఆ మాట డిసెంబర్‌లో నేనే ఆయనతో అన్నానట. సాక్సు ఒకటి పొయ్యిలో పడి కాలిపోయింది, పట్టించుకోలేదు.

ఈ మనిషి ఇలా నవ్వగా ఎప్పుడూ చూడలేదు.

జూన్ 29

వానలోనే మళ్ళీ వెళ్దామన్నది ఆయనే. ప్లాస్టిక్ సంచులకి చిల్లులు పెట్టి తల దూర్చుకున్నాం. ఆయన ముందు, నేను వెనక. దారి పక్కన ప్రతి రాయి మీద నుంచీ నీళ్ళు దూకుతున్నాయి. బోర్డు దగ్గర మబ్బు కాసేపు తొలగింది. కింద లోయ మొత్తం పచ్చగా, తడిసి, మెరుస్తూ కనిపించింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. జారుతుందని అన్నాడు. అక్కడ నేల చదునుగానే ఉంది.

జూలై 1, బస్సులో

ధైర్యం చేసి అడిగేశాను. షరతు సంగతేంటండీ అని.

కిటికీలోంచి చూస్తూ, కస్టమర్‌కి డెలివరీ డేట్ చెప్పినంత మామూలుగా చెప్పాడు. వెళ్తే సీజన్‌లో వెళ్ళాలి కదా, మనం సీజన్‌లో వెళ్ళనేలేదు, కాబట్టి ఇది లెక్కలోకి రాదు అన్నాడు. ఆ ఒక్కసారి ఇంకా అలాగే ఉందట.

బ్యాగ్‌లో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. తలెత్తితే ఏడ్చేసేలా ఉన్నాను.

జూలై 19

మహారాజు ప్రెస్ వదిలి కౌంటర్‌కి వచ్చాడు. జాకెట్టు తెచ్చిన ప్రతివాళ్ళనీ ఇది ఏ నెలలో వేసుకున్నారని అడుగుతున్నాడు. ఒకావిడకి ఒళ్ళు మండి, ఇది మా ఆయన ఆఫీసు కోటు, మీకెందుకయ్యా అని గయ్యిమంది. అయినా నెల చెప్పాకే రసీదు ఇచ్చాడు.