ప్రతి ఏడూ అమ్మ ఇచ్చే రొట్టె

షార్జా, రోలా నుంచి

అక్క సైదాబీకి తమ్ముడు మస్తాన్ సలాం. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు అక్కడ చల్లగా ఉండాలని రోజూ దువా చేస్తున్నాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నోడు ఏడవకుండా బడికి పోతున్నాడా? నా గురించి దిగులు పడొద్దు, నేను బాగున్నాను.

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. మా గదిలో ఉండే కరీం నెల్లూరు వస్తున్నాడు, అతని చేతికిస్తున్నాను. పాలపొడి డబ్బా, పిల్లలకు చాక్లెట్లు కూడా పంపాను. కరీం తిరిగొచ్చేటప్పుడు కాస్త గోంగూర పచ్చడి ఇచ్చి పంపు. మలై కాజా మాత్రం వద్దు, పోయినసారి సంచంతా పాకం చేసింది.

ఇక్కడ ఎండ ముదిరింది. బస్సు కోసం నిలబడితే చొక్కా పిండుకోవచ్చు. గది అదే, మంచం అదే. పని కూడా అదే, దుబాయ్‌లో ఆ జపాన్ హోటల్లో కూరలు తరగడం, గిన్నెలు కడగడం. వాళ్ల అన్నం ముద్దగా, ఉప్పూ కారం లేకుండా ఉంటుంది. నేను పచ్చడి కలుపుకుంటే మా పెద్ద షెఫ్ ముక్కు మూసుకుంటాడు. అయినా కడుపు నిండా తింటున్నాను, బెంగపడొద్దు.

ఆ పెద్ద షెఫ్‌ది జపాన్. భాష నేర్చుకుని పరీక్ష పాసైనవాళ్లను తన ఊళ్లో హోటల్ పనికి తీసుకుపోతానన్నాడు. అందుకని హోటల్ తెరవకముందు మాకు పాఠం జరుగుతోంది. చెప్పేది మా క్యాషియర్ లీనా. ఫిలిప్పీన్స్ అమ్మాయి, కొన్నాళ్లు జపాన్‌లో పనిచేసి వచ్చింది. ఈ సంగతి ఫోన్లో చెప్పగానే నువ్వు, "అయితే ఈ ఏడు రొట్టెల పండక్కి నీకోసం మళ్లా విదేశీ రొట్టె పట్టుకుంటా అబ్బయా" అన్నావు. నేను ఊఁ అని పెట్టేశాను. దానికి జవాబే ఈ ఉత్తరం.

మొదట అమ్మ కదా నాకోసం ఆ రొట్టె పట్టుకుంది. ఎవరో ఆమె ఇస్తే తీసుకుని, దర్గా చెరువు నీళ్లలో నిలబడే తిన్నదట. నాకు వీసా వచ్చింది. కోరిక తీరినవాళ్లంతా చేసినట్టే మరుసటి ఏడు అమ్మ కూడా రొట్టె కాల్చుకుపోయి, దుబాయ్ పోవాలనుకునే ఇంకొకరికి ఇచ్చింది. ఒకసారి ఇస్తే చాలు కదా అని బావ అంటే, "వాడు ఆడున్నన్నాళ్లూ ప్రతి ఏడూ ఇస్తా, నీకేంది?" అన్నదట. అన్నట్టే ఇచ్చింది, కరోనాలో పోయేదాకా.

పోయిన సోమవారం పాఠం, ఏడాదికి ఎన్నిసార్లు ఏం చేస్తామో చెప్పడం. 'నెన్ ని ఇక్కాయ్' అంటే ఏడాదికి ఒకసారి. మాటల వరస మన తెలుగులో లాగే అక్కా, నెన్ అంటే ఏడాది, ని అంటే 'కి', ఇక్కాయ్ అంటే ఒకసారి. 'మైతోషి' అంటే ప్రతి ఏడూ. మాతో పనిచేసే నేపాల్ బహదూర్ రెండేళ్లకోసారి ఇంటికి పోతానని చెప్పాడు. తర్వాత నా వంతు.

ఇంటికి పోతానని నేనెలా చెప్పను? విమానాలు లేక అమ్మకు పిడికెడు మట్టి వేయడానికి రాలేకపోయాను. విమానాలు తిరిగాక సెలవిస్తామంటే నేనే వద్దన్నాను. ఎందుకని అడక్కు. నాకేమీ అనిపించడం లేదక్కా. ఏడుపు రాదు. పని ఉంటే చేస్తాను, అన్నం పెడితే తింటాను.

నోటికొచ్చింది చెప్పేశాను. "హహ వ మైతోషి మత్సురి ని ఇకిమస్." మా అమ్మ ప్రతి ఏడూ పండక్కి పోతుంది. కన్నతల్లిని వాళ్లు హహ అంటారు, వింటే నువ్వు నవ్వుతావు.

లీనా చప్పట్లు కొట్టింది. "వెరీ గుడ్ మస్తాన్! ఒక్క తప్పు కూడా లేదు. ఈ ఏడు కూడా పోతుందా మీ అమ్మ?" అని అడిగింది. అవునన్నాను.

తర్వాత పోయి ముల్లంగి తరిగాను, పెద్ద బుట్టెడు. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. బుట్ట ఖాళీ కాగానే చేతులు తుడుచుకుని పోయి పెద్ద షెఫ్‌ని పండక్కి సెలవడిగాను. ఏ తేదీ అన్నాడు. ప్రతి ఏడూ తేదీ మారుతుందని, నెలవంక కనబడితేగానీ ఖాయం కాదని చెప్పాను. బుర్ర గోక్కుని, "సరే, కనబడగానే చెప్పు" అన్నాడు.

కాబట్టి వస్తున్నానక్కా. పరీక్ష సంగతి తిరిగొచ్చాక చూసుకుంటాను. నువ్వు మాత్రం నాకోసం ఏ రొట్టె పట్టుకోవద్దు. ఏం కోరుకోవాలో నాకే తెలియడం లేదు. పిండి కలిపి పెట్టు చాలు, కాల్చేది నేనే. అమ్మ ఇచ్చే రొట్టె ఈసారి నేనిస్తాను.

బావకు, పెద్దమ్మకు నా సలాం చెప్పు. చిన్నోడికి ముద్దులు. అందరూ నాకోసం దువా చేయండి.

ఒక్కటే అడుగుతున్నాను. అమ్మ నీళ్లలో ఏ వైపు నిలబడేదో నాకు తెలియదు. ఆమె రొట్టె ఇచ్చిన ఏళ్లన్నీ నేనిక్కడే ఉన్నాను. ఆ చోటు నువ్వే చూపించాలి.

నీ తమ్ముడు
మస్తాన్