ఎర్రగుడ్డ ఎత్తితే దారి ఖాళీ

జనవరి 6, 2002. ఆదివారం, సాయంత్రం ఏడు

ఈ ఏటి డైరీ ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చారు. ప్రతి పేజీ అడుగునా పంటకి పట్టే పురుగు గురించి ఓ ముక్క వేశారు. ఇవాళ్టిది కాండం తొలిచే పురుగు. నాకు సెంటు భూమి లేదు. అయినా చదివాను. అచ్చులో ఏది కనబడినా వదలను. గుడివాడ లైన్లో గేట్‌మ్యాన్‌గా ఉన్నన్నాళ్ళూ, రైలుకీ రైలుకీ మధ్య పకోడీ పొట్లాల కాగితాలు చదివే చదువుకున్నాను. అందుకే నాకు చాలా కథల మధ్యభాగాలు తెలుసు. మొదలూ చివరా తెలియవు.

ఏం చెప్పబోయాను? రేసు.

బందరు దాటాక ఉప్పుమళ్ళ మధ్య ఓ రోడ్డు ఉంది. స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. ఆదివారం సాయంత్రాలు దాని మీద కుర్రాళ్ళు ఇద్దరిద్దరు చొప్పున మోటారు సైకిళ్ళు వదులుతారు. మలుపుల్లేవు, రౌండ్లు లేవు. ఇక్కడ బయల్దేరి అక్కడికి ఎవరు ముందు చేరితే వాళ్ళు గెలిచినట్టు. మేము లాగుడు అంటాం. ఆ కుర్రాళ్ళలో ఒకడు, బాబ్జీ, ఏదో మ్యాగజైన్లో చూసి, దీన్ని డ్రాగ్ రేసింగ్ అంటారు తాతగారూ, అమెరికాలో స్టేడియాలు కూడా ఉన్నాయి అన్నాడు. ఉండనీ. మాకు కల్వర్టు ఉంది.

కల్వర్టు దగ్గర నేను. రిటైరైనప్పుడు మా గ్యాంగువాళ్ళు గుర్తుగా ఇచ్చిన పచ్చజెండా నా చేతిలో ఉంటుంది.

అవతలి చివర కృపావతి. ఆవిడ రోడ్డు పక్కన దండేలు కట్టి చేపలు ఎండబెడుతుంది. మొదటి దండెం గుంజే మా ఫినిషింగ్ లైను. వెనక ఒకసారి ఇద్దరు కుర్రాళ్ళు నేను ముందంటే నేను ముందని కాలర్లు పట్టుకున్నారు. ఆవిడ చేపలు తిరగేస్తూ, తలెత్తకుండానే, పొట్టోడి చక్రం ముందొచ్చింది, కొట్టుకునేదేదో అవతలికి పోయి కొట్టుకోండి, నా సరుకు మీద దుమ్ము పడతంది అందట. అప్పట్నుంచీ జడ్జి ఆవిడే. ఎవరు గెలిచినా ఆవిడకి ఒకటే. అందుకే ఆవిడ మాట అందరికీ చెల్లుతుంది.

దారికి అడ్డం గేదెలూ ఆటోలూ లేకపోతే ఆవిడ కర్రకి కట్టిన ఎర్రగుడ్డ ఎత్తుతుంది. అది చూసి నేను జెండా దించుతాను. ఎరుపంటే ఆగమని ఉద్యోగమంతా నమ్మినవాణ్ణి నేను. మొదట్లో ఆ ఎర్రగుడ్డ లేవగానే నా చెయ్యి బిగుసుకుపోయేది. పచ్చగుడ్డ పంపిస్తానని కుర్రాళ్ళతో కబురు చేశాను. నా దగ్గరున్నది ఇదే గార్డుగారూ, కాకుల్ని తోలేదీ దీంతోనే అని తిరుగు కబురొచ్చింది. నేను గేట్‌మ్యాన్‌నని, గార్డు వేరని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇవాళ మెకానిక్ ఇమామ్ సాహెబ్ మనవడు సుహైల్ గెలిచాడు. బాబ్జీ ఓడిపోయాడు. మా దగ్గర డబ్బు పందేలు లేవు. ఓడినవాడు గెలిచినవాడి బండి తుడవాలి, అంతే. బాబ్జీ సొంత బండి కూడా అంత శుభ్రంగా తుడుచుకోడు.

జనవరి 8

జెండా ఉతికి ఆరేశాను. ఆదివారం ఇంకా చాలా దూరం ఉంది.

జనవరి 20. ఆదివారం

రేసు లేదు. వాన తుంపర. ఇమామ్ సాహెబ్ షాపులో కూర్చున్నాను. కుర్రాళ్ళ బళ్ళన్నీ ఆయన చేతిలో తయారైనవే. టూ స్ట్రోక్ ఇంజను ఎలా దగ్గినా కళ్ళు మూసుకుని జబ్బు చెబుతాడు. తన దగ్గుకి మాత్రం మందు వాడడు.

షాపులో బళ్ళు తగ్గిపోయాయి. పాత ఆర్ఎక్స్ హండ్రెడ్ బళ్ళు కంపెనీవాళ్ళు చెయ్యడం మానేసి కొన్నేళ్ళయింది, పార్టులు దొరకడం లేదు. ఇప్పుడన్నీ ఫోర్ స్ట్రోకులు, మైలేజీలు. ఇవి బళ్ళు కావు బావా, పొదుపు సంఘాలు అన్నాడు. సుహైల్ షోరూములో చేరతానంటున్నాడట. ఆ మాట చెప్పి, చాలాసేపు ఒకే నట్టు తుడుస్తూ కూర్చున్నాడు.

బాబ్జీ ఇంకో వార్త తెచ్చాడు. పోర్టు వస్తుందట, అందుకని మా రోడ్డు వెడల్పు చేస్తారట. పోర్టు వస్తుందని నా పెళ్ళిలో కూడా చెప్పుకున్నారు. మా ఆవిడ పోయి కూడా చాలా ఏళ్ళయింది. పోర్టు ఇంకా వస్తూనే ఉంది. అయితే ఈసారి ఎవరో వచ్చి టేపు పెట్టి కొలిచారట. కొలిస్తే మాత్రం భయం.

జనవరి 27. ఆదివారం, సాయంత్రం

నిజం రాసుకుంటే ఎవరికీ నష్టం లేదు. నాకు మోటారు సైకిళ్ళంటే పెద్ద ఇష్టం లేదు. ఆ చప్పుడుకి చెవులు దిబ్బళ్ళు పడతాయి.

నా కల్వర్టు దగ్గర్నుంచి చూస్తే కృపావతి బొటనవేలంత కనబడుతుంది. మొహం కనబడదు. ఎర్రగుడ్డ కనబడుతుంది. ఇన్నేళ్ళలో ఎదురుపడి మాట్లాడింది బాగా తక్కువ. అన్నీ కుర్రాళ్ళ చేతే. ఇటునుంచి వెళ్ళేవాడి హ్యాండిల్‌కి నేను హల్వా పొట్లం కడతాను. అటునుంచి గెలిచి వచ్చేవాడి చేత ఆవిడ ఎండురొయ్యలు పంపిస్తుంది. వంకాయలో వేసుకుంటాను. ఓసారి ఉప్పు తక్కువైందని కబురు చేస్తే, సముద్రాన్ని అడగమనండి అని జవాబు. బందరులో ఇంతమంది హల్వా కొంటారు గానీ, దాన్ని అంత స్పీడుగా పంపించిన మగాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

రేసులు ఆగిపోతే ఆవిడకి నాతో పనేముంది? నాకు ఆ రోడ్డుతో పనేముంది?

పేజీ అడుగున సుడిదోమ. మొదట్లో గమనించరట.

ఫిబ్రవరి 10. ఆదివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

సుహైల్, బాబ్జీ. బళ్ళు కల్వర్టు దగ్గర ఆగాయి. అవతల ఎర్రగుడ్డ లేచింది. జెండా దించాను. బళ్ళు వెళ్ళిపోయాయి. సగం దూరంలో, మురుగుకాలవలోంచి బాతుల మంద రోడ్డెక్కింది. వాటి వెనకాల కాపరి. కాపరికి తొందర లేదు, బాతులకి అసలు లేదు. బాబ్జీ బ్రేకు కొట్టాడు. సుహైల్ పక్కకి కోసి ఉప్పుమడిలో పడ్డాడు.

పరిగెత్తాను. అవతల్నుంచి ఆవిడా పరిగెత్తింది. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఆ రోడ్డు మధ్యలో కలుసుకోవడం ఇదే మొదటిసారి. ఆవిడ చేతిలో ఇంకా ఆ కర్ర ఉంది. కాకులండీ, కాకుల్ని తోలడానికి ఎత్తాను, దారి చూసి కాదు అంది. అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

సుహైల్‌కి భుజం దగ్గర ఎముక విరిగింది. ఒక్క బాతుకీ ఏమీ కాలేదు.

ఫిబ్రవరి 11

ఆసుపత్రి. కృపావతి నాకంటే ముందే వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. తప్పు నాదే అంది. కాదు, గుడ్డ చూశాను గానీ దారి నా కళ్ళతో చూసుకోలేదు, నాదే అన్నాను. మీకు అంత దూరం ఆనుతుందా గార్డుగారూ అంది. ఆనదు అన్నాను. మరి నాదేగా అంది. మా ఇద్దరి మధ్యా తప్పు ఎవరికీ దక్కకుండా పోయేలా ఉంటే, ఇమామ్ సాహెబ్ బయటికొచ్చాడు. ఆయన్ని చూసి ఇద్దరం లేచి నిలబడ్డాం. బావా, నీ పచ్చదీ ఈ అమ్మ ఎర్రదీ కలిసి మావాడికి తెల్లకట్టు కట్టించాయి, లోపలికి రండి, వాడు మీరేమైపోయారోనని అడుగుతున్నాడు అన్నాడు.

సుహైల్ మమ్మల్ని చూసి నవ్వబోయి, భుజం కలుక్కుమని ఆపేశాడు. గెలుపు ఎవరిదని ఆవిణ్ణి అడిగాడు. బాతులది అంది.

వెళ్ళేటప్పుడు నాతో చెప్పింది. ఇకనుంచి కాకులకి పళ్ళెం వాయిస్తానండీ. ఎర్రగుడ్డ దారికే. ఇంక దేనికీ ఎత్తను.

ఫిబ్రవరి 17. ఆదివారం

వెళ్ళలేదు.

మార్చి 3. ఆదివారం

బాబ్జీ మద్రాసు వెళ్ళొచ్చాడు. అక్కడ కంపెనీవాళ్ళ డ్రాగ్ మీట్ జరిగింది, డబ్బులిచ్చి నడిపే అసలు రేసు. నేను జెండాల సంగతి అడిగాను. జెండాలు లేవు తాతగారూ, నిలువు స్తంభానికి లైట్లు, పసుపు పసుపు పసుపు పచ్చ, అంతే అన్నాడు. జడ్జి? లేరు. తీగల్లేని కిరణం ఏదో ఉందట, చక్రం తగలగానే బోర్డు మీద టైము పడుతుంది. తగువు ఎవరు పడతారు మరి అన్నాను. ఎవరూ పడరు, అందరూ బోర్డు చూస్తారు అన్నాడు.

మొదటి రౌండు గెలిచాడట. రెండోదాన్లో ఓడాడు. ఓడిన అలవాటు కొద్దీ గుడ్డ తీసుకుని గెలిచినవాడి బండి దగ్గరికి వెళితే, ముట్టుకోవద్దని అరిచారట. చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. లేచి కాఫీ పెట్టాను.

వచ్చే ఏడు మళ్ళీ వెళ్తావా అన్నాను. ఉంటేగా అన్నాడు. స్పాన్సరు తప్పుకుంటున్నాడట. అక్కడి పెద్దమనిషే చెప్పాడట, బాబూ ఊళ్ళో ఏదైనా ఉద్యోగం చూసుకో, మా సంగతే మాకు తెలియదు అని. అన్ని లైట్లున్నవాళ్ళకే దారి కనబడకపోతే మా కల్వర్టు సంగతి ఏం చెప్పను.

మార్చి 10. ఆదివారం

కంకర గుట్టలు పోశారు. రోలరు వచ్చింది. రోడ్డు మధ్యలో, బాతులు దాటినచోట, స్పీడ్ బ్రేకరు వేస్తారట. పక్క ఊరివాళ్ళే అడిగారు. వాళ్ళని అనడానికి లేదు, వాళ్ళకీ పిల్లలున్నారు. ఎస్సైగారు మంచిగానే చెప్పారు, ఇక చాలు పెద్దాయనా అని.

సుహైల్ కట్టు విప్పాక షోరూముకే వెళ్తాడు. ఇమామ్ సాహెబ్ ఫోర్ స్ట్రోక్ ఇంజను ఒకటి తెచ్చి షాపులో విప్పి పెట్టుకున్నాడు. పొదుపు సంఘం ఎలా ఉంది అన్నాను. లోపల మంచి మనిషే బావా, మాట్లాడదు అంతే అన్నాడు.

మార్చి 17. ఆదివారం, సాయంత్రం నాలుగు

హల్వా కొన్నాను. పంపడానికి ఎవరూ లేరు.

అది గవర్నమెంటు రోడ్డు. ఎవరైనా నడవచ్చు. చేపలు కొనడానికి కూడా వెళ్ళచ్చు. అంగీ వేసుకున్నాను. విప్పేశాను. రేసు లేకుండా వెళితే, ఎందుకొచ్చారండీ అంటే ఏం చెప్పాలి? ఇంత వయసొచ్చాక జవాబు తెలియని ప్రశ్న దగ్గరికి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళడం ఏమిటి.

హల్వా నేనే తిన్నాను. నెయ్యి ఎక్కువైంది.

అదే రోజు, చీకటి పడ్డాక

ఎండురొయ్యలు అయిపోయాయి.

మార్చి 24. ఆదివారం

కల్వర్టు దగ్గరికి వెళ్ళాను. జెండా ఎందుకు తీసుకెళ్ళానో తెలియదు. రోలరు ఆగి ఉంది. అటువైపు బొటనవేలంత మనిషి.

అవతల పళ్ళెం చప్పుడు. కాకులు లేచి వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత ఎర్రగుడ్డ లేచింది.

వెనక్కి చూశాను. బళ్ళేమీ లేవు. గుడ్డ దించలేదు ఆవిడ. జెండా దించి, చంకలో పెట్టుకుని, సైకిలెక్కాను. కొత్తగా వేసిన స్పీడ్ బ్రేకరు దగ్గర దిగి నడిపించుకుని, మళ్ళీ ఎక్కాను. గుంజ దాటగానే, మీరే ఫస్టు గార్డుగారూ అంది. పోటీకి ఎవరూ లేరు కదా అన్నాను. ఆవిడ కర్రకున్న ఎర్రగుడ్డ విప్పి, నా సైకిలు తుడవడం మొదలెట్టింది.

సైకిలంతా ఎండుచేపల వాసన. ఇవాళ పేజీ అడుగున ఏం రాశారో చదవలేదు.