రెండో పొయ్యి

మాండ్వి

అమ్మా ఫాల్గునీ, జై శ్రీకృష్ణ.

నువ్వు మా లెక్కలు చూడబట్టి తెలిసింది గానీ, స్థలం అమ్మిన డబ్బుతో మూడేళ్లలో ఇల్లు కట్టుకుంటే లాభం మీద పన్ను ఉండదని నాకేం తెలుసు? అన్నయ్య ఇంటికి గోడ ఆనించి కట్టేశాను. నాలుగు గదులు, హాల్లో ఇత్తడి గొలుసుల ఉయ్యాల. ప్లాను పంపుతున్నాను, పన్నులాఫీసులో ఇచ్చెయ్యి.

ఇట్లు,
వల్లభ్‌జీ కాకా

తా.క. ఉయ్యాల కూడా ఇంటి ఖర్చేనా? అన్నయ్య దాని మీంచి దిగడం లేదు.

రాజ్‌కోట్

పూజ్యులు వల్లభ్‌కాకాకు నమస్కారాలు.

ఆఫీసరుగారు కళ్లద్దాలు తుడుచుకుని మరీ ప్లాను చూశారు. వంటిల్లేది కాకా? వంటిల్లు లేనిది ఇల్లు కాదు, గోడౌను అంటున్నారు. గియ్యడం మర్చిపోయారా?

మీ
ఫాల్గుని

తా.క. "వీళ్లు గాలి భోంచేస్తారా?" అని అడిగారు. నవ్వుతూ మాత్రం కాదు.

మాండ్వి

అమ్మా ఫాల్గునీ, జై శ్రీకృష్ణ.

మర్చిపోవడమేంటి! నలభై ఏళ్లుగా అన్నయ్యా నేనూ ఒకే పొయ్యి వంట తింటున్నాం. మా ఆవిడ పోయాక కూడా జవేర్ వదిన ఒక్కపూట నా కంచం మరవలేదు. రెండో పొయ్యి పెడితే అన్నదమ్ములు విడిపోయారనే కదా అర్థం! వదిన రొట్టెలు చేస్తున్న ఫోటో పంపుతున్నాను. ఆయనకి చూపించు.

ఇట్లు,
వల్లభ్‌జీ కాకా

తా.క. నమ్మకపోతే భోజనానికి రమ్మను.

రాజ్‌కోట్

కాకాకు నమస్కారాలు.

ఫోటోతో ఇంకా ముదిరింది. "తినేది అన్న ఇంట్లో. అంటే తమ్ముడికి ఇల్లే లేదు" అని రాసుకున్నారు. గడువు పదిహేను రోజులే. ఒక గదిలో వంటగట్టు, కుళాయి, పొయ్యి పెట్టించండి. లేదంటే పన్ను మొత్తం కట్టాలి.

మీ
ఫాల్గుని

తా.క. భోజనానికి పిలిస్తే లంచమట. వెల్లుల్లి పచ్చడి ఉంటుందా అని మాత్రం అడిగారు.

మాండ్వి

అమ్మా ఫాల్గునీ, జై శ్రీకృష్ణ.

పెట్టించాను. గట్టురాయి దిగగానే అన్నయ్య ఉయ్యాల దిగిపోయాడు. మూడు రోజులు మాటల్లేవు. పక్కింటి జేఠాలాల్ వచ్చి "గిన్నెలు పంచుకునేటప్పుడు నన్ను పిలవండి" అన్నాడు. పన్ను కట్టేసినా బాగుండేదని చిన్నపిల్లాడిలా ఏడ్చానమ్మా.

నాలుగో రోజు వదిన పోట్లాటకొచ్చింది. గట్టు తడిమింది. కుళాయి తిప్పింది. కిటికీ తెరిచింది. "నలభై ఏళ్లు నేలమీద కూచుని పొగ మింగాను. నిలబడి వండుకోవచ్చని ఒక్కడైనా చెప్పాడా?" అని మా ఇద్దర్నీ చెడామడా తిట్టి, డబ్బాలన్నీ మా చేతే ఇటు మోయించింది. పాత పొయ్యి తనే పగలగొట్టింది. ఇప్పటికీ మాది ఒకే పొయ్యి! అన్నయ్య నా ఇంట్లో కూచుని "పప్పులో ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

నిన్న మీ ఆఫీసరు వచ్చి చూసి సరేనన్నాడు. పచ్చడి ముట్టలేదు గానీ, వాసన చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

ఇట్లు,
వల్లభ్‌జీ కాకా

తా.క. అన్నయ్య ఇక ఇక్కడే ఉంటాడట. పాత ఇల్లు అమ్మి, ఆ డబ్బుతో మేడ మీద వాటా వేసుకుంటాడట, పన్ను లేకుండా చూడమంటున్నాడు. కానీ అందులో ఇప్పుడు పొయ్యి లేదు కదమ్మా. అన్నయ్య అమ్మేది ఇల్లా, గోడౌనా?