నీటి మీద తేలాల్సిన పురుగు

పాసిర్ రిస్, సింగపూర్
5 డిసెంబర్ 1999

చి. శ్రీకర్‌కు,

చివరి రోజు ఉదయం మీ అక్క మంచం మీద కూర్చుని, నువ్వు ట్రౌట్ చేపలు పట్టే గాలానికి ఈకలతో, నీటి మీద తేలే పురుగులాంటి ఎరను కట్టింది. మధ్యాహ్నం అది దుప్పటి మీద కనిపిస్తే, నిజమైన పురుగే అనుకుని పేపరుతో కొట్టాను.

"చేపకంటే ముందు మీరే మోసపోయారు!" అని నవ్వింది. "వేడినీళ్ల ఆవిరి పట్టండి, ఈకలు మళ్లీ లేస్తాయి."

నీళ్లు కాచి తెచ్చేసరికి ఆమె ఊపిరి ఆగిపోయింది.

కర్మలన్నీ అయ్యాక ఆవిరి పట్టాను. ఈకలు లేచాయి. ఫ్యాన్ గాలికి అవి కదిలినప్పుడల్లా కొట్టడానికి నా చెయ్యి పైకి లేస్తుంది. వెంటనే ఆమె నవ్వు వినిపిస్తుంది. ఫ్యాన్ ఆపినా వినిపిస్తూనే ఉంటుంది.

అక్క కట్టిన ఆఖరిది పంపమని, అక్కడ న్యూజిలాండ్‌లో వేసవి రాగానే నీటిలో వేస్తానని రెండుసార్లు రాశావు. ఆఫీసులో కంప్యూటర్లను 2000 సంవత్సరానికి సిద్ధం చేసే వైటూకే పనిలో వెతకడం కుదరలేదని అబద్ధం చెప్పాను. అది వెళ్లిపోతే ఆ నవ్వు కూడా పోతుందని భయం.

కానీ ఆమె దాన్ని నాకోసం కట్టలేదు. గాజుపెట్టెలో దాచకు. నదిలో వెయ్యి. చేప తెంచుకుపోతే పోనీ.

రేపు ఉదయం పోస్టాఫీసు తెరవగానే రిజిస్టర్డ్ పోస్టులో పంపుతాను.

మీ బావ