అన్న సైకిలు కింద నిమ్మకాయ

నాయనా,

నువ్వు పోయి ఏడాది తిరిగేదాకా ఇంట్లో పండగ చేయకూడదన్నారు. ఆయుధపూజ చేశాను, అన్న చిన్నప్పటి బుల్లి సైకిలుకు. వాడు పెద్దవాడయ్యాక నాకిమ్మని ఏడిస్తే, "ఆడపిల్ల సైకిలెక్కితే పరువు పోతాది" అని అటకెక్కించి తుప్పు పట్టించావే, అదే. కిరసనాయిలు పోసి ఆ తుప్పంతా గీకాను. కడప నుంచి కొత్త టైర్లు తెప్పించి, ఎర్ర రంగు వేశాను.

"మీ నాయన బతికింటే ఊరుకుంటాండెనా మే?" అంది అమ్మ.

"లేడు గదమ్మా," అన్నాను.

ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి నా కూతుర్ని ఎక్కించాను. నిమ్మకాయ చితికింది. పిల్ల బద్వేలు బజారు చివరిదాకా పోయి, ఒకసారి పడి, మోకాలు గీరుకుని నవ్వుతూ వచ్చింది.

పోయింది ఆ కాస్త తోలే, నాయనా.