నీ రెండు చుక్కలు

బాబాయ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గుంటూరు యార్డులో నువ్వు గుమాస్తాగా చేసిన మిర్చి కొట్టుకే ఇప్పుడు నేను ప్రోగ్రామ్ రాస్తున్నాను. గుమాస్తాలు వాట్సాప్‌లో పంపే ఒక్కో వరసనీ రైతు పేరు, ఊరు, మిర్చి రకం, టిక్కీలు అంటే బస్తాల లెక్కగా విడగొట్టాలి. మధ్యలో కామా పెట్టండయ్యా అని మొత్తుకున్నాను. ఒక్కరు వింటేగా! "వెంకయ్య.. మార్టూరు.. తేజ.. నలభై" అంటూ అందరూ అచ్చం నీలాగే రెండేసి చుక్కలు.

"మీ బాబాయే నేర్పాడమ్మా, చదివేవాడు ఊపిరి పీల్చుకోవాలని" అన్నారు.

ఇంకేం చేస్తాను? ఎక్కడ విడగొట్టాలో కంప్యూటర్‌కి చెప్పే రెగెక్స్‌నే మార్చాను. ఒక్క వరసా తప్పుగా విడిపోలేదు.

ఇకనుంచి కంప్యూటరూ నీ చుక్కల దగ్గర ఆగుతుంది బాబాయ్, ఊపిరి లేకపోయినా.